కూర్చున్నాం, పిలవండి

బందరు దగ్గర గిలకలదిండి రేవు పక్కనున్న ప్రయోగశాల మేడ మీద ఆ మధ్యాహ్నం ఎండ నిలువునా కాస్తోంది. ఆకు కదలడం లేదు. కింద రేవులో వలలు బాగుచేసుకుంటున్నవాళ్ళు ఉక్కపోతను తిట్టుకుంటున్నారు. నడకుదుటి స్వర్ణకు మాత్రం ఇలాంటి రోజే కావాలి. మైకు దగ్గరికి లాక్కుని పిలిచింది.

"నాంచారయ్యా! వినపడుతోందా?"

గరగరమని చప్పుడు. ఆ వెంటనే తమ్ముడి గొంతు పక్కగదిలోంచి పలికినంత స్పష్టంగా వచ్చింది.

"అక్కా! నువ్వేనా? వొడ్డు కనపడక ఎన్నాళ్ళయిందో! ఇంత దూరం నీ గొంతెట్టా వచ్చింది?"

"సముద్రమే మోసుకొచ్చిందిరా."

"భలేదానివే! ఇంకో ముక్క మాట్టాడు. మా కుర్రోళ్ళు నమ్మటంలా."

స్వర్ణ మైకును వెనక్కి తిప్పి పట్టుకుంది. వెనక నిలబడ్డ సహోద్యోగులు చప్పట్లు కొడుతున్నారు.

సముద్రం మోసుకొచ్చిందన్నది మురిపెం కోసం అన్న మాట కాదు. గాలి ఆగి ఎండ మండే వేళ సముద్రం మీద తేమ పలచని పొరలా పరుచుకుంటుంది. సరైన వాలులో రేడియో తరంగాన్ని ఆ పొర కిందికి పంపగలిగితే అది పైకి పోలేక, నీళ్ళలోకి దిగలేక, గొట్టంలో నీరులా వందల మైళ్ళు సాగిపోతుంది. ఇది చాలా కాలంగా తెలిసిన సంగతే. కానీ ఆ పొర ఎప్పుడు ఏర్పడుతుందో, ఎంత ఎత్తున ఉంటుందో పట్టుకోలేక దాన్ని ఎవరూ వాడుకోలేదు. స్వర్ణ తయారుచేసిన యాంటెనా తన తరంగం తాలూకు ప్రతిధ్వనిని తానే వింటుంది. పొర ఎక్కడుందో వెతుక్కుంటుంది. క్షణక్షణం తల వంచుతూ ఎత్తుతూ దాని కిందికి దూరుతుంది. రేవు జనం దానికి 'గాలం' అని పేరు పెట్టారు.

స్వర్ణ తండ్రి ఒక తుఫానులో పోయాడు. ఆ రోజు ఒడ్డున రేడియో పగలంతా 'వెనక్కి రండి, వెనక్కి రండి' అని మొత్తుకుంటూనే ఉంది. ఆ మాట ఆయన పడవ దాకా చేరలేదు. పెద్ద బోట్లకు ఇప్పుడు ఉపగ్రహ యంత్రాలు వచ్చాయి గానీ చిన్నవాళ్ళకు అవి అందని పండ్లే. గాలానికైతే అరచేతిలో పట్టే చవక సెట్టు చాలు. మొదటి సెట్టును ఆమె తమ్ముడి పడవలో పెట్టింది. తర్వాత రేవులో అడిగినవాళ్ళందరికీ ఇచ్చింది.

*

స్పెక్ట్రమ్ వేలాల వ్యవహారం చూసే అధికారి చక్రపాణి నెల్లూరు మనిషి. గాలం కబురు విని ఢిల్లీ నుంచి వచ్చాడు. మేడ మీద చెమట తుడుచుకుంటూ అంతా చూసి, చివరికి ఒక ప్రశ్న వేశాడు.

"చాలా బాగుందమ్మా. మరి నీ తరంగం పడవ దగ్గర ఆగుతుందా?"

"ఆగదండీ. పొర ఉన్నంత మేరా పోతుంది. శ్రీలంక దాకా. ఒక్కోసారి బర్మా దాకా."

"అదే తంటా. పొలం వేలం వేస్తే గట్టు చూపిస్తాం. దీనికి గట్టెక్కడ? నేనొక్కణ్ణే అమ్మితే పక్క దేశం వాడి గాలిని కూడా అమ్ముకున్నట్టే."

ఆ మాట పట్టుకునే ఆయన బంగాళాఖాతం చుట్టూ ఉన్న దేశాల నియంత్రణ సంస్థలన్నిటినీ ఒక బల్ల దగ్గరికి తెచ్చాడు. ఒకరినొకరు నమ్మడానికే చాలా సమావేశాలు పట్టాయి. చివరికి ఒప్పుకున్నారు. గాలం పనిచేసే ఈ బ్యాండ్‌ను ఎవరికి వారు అమ్మకూడదు, అందరూ కలిసి ఒకే వేలంలో అమ్మాలి, నియమాలూ ఒకటే ఉండాలి. ప్రతి దేశమూ తన రికార్డులు చూసుకుని 'ఈ బ్యాండ్‌ను మా దగ్గర ఎవరూ వాడటం లేదు, ఖాళీ' అని రాసిచ్చింది. ఓడల కంపెనీలకూ, నడిసముద్రంలో చమురు తీసేవాళ్ళకూ ఈ దారి కావాలి. అందుకని టెలిఫోన్ సంస్థలు వేలానికి ఉరకలు వేస్తున్నాయి.

సరిగ్గా అప్పుడు కొలంబో నుంచి స్వర్ణకు ఫోను వచ్చింది. ఇంగ్లీషులో ఒక ఆడగొంతు మాట్లాడింది.

"నా పేరు దిల్హానీ. ఇక్కడి నియంత్రణ సంస్థలో ఇంజనీరుని. మీరు గాలాన్ని పరీక్షించిన రోజులు నాకు చెబుతారా?"

"తప్పకుండా. ఎందుకండీ?"

"త్రికోణమలైలో మనుషులు నడుస్తూ నడుస్తూ పడిపోతున్నారు. వాళ్ళు పడిన రోజులూ మీ రోజులూ ఒకటి కాకపోతే బాగుండునని నా ఆశ."

స్వర్ణ చదివి వినిపించింది. ఒకటే అయ్యాయి.

*

శ్రీలంక తూర్పు తీరంలోని త్రికోణమలైలో ఒక వైద్య బృందం కొన్నేళ్ళుగా ఒక పని చేస్తోంది. వెన్ను విరిగి కాళ్ళు చచ్చుబడినవాళ్ళకు విరిగిన చోటుకు పైన ఒక చిప్పు, కింద ఒక చిప్పు అమరుస్తున్నారు. పై చిప్పు మెదడు మాట విని, రేడియోలో గుసగుసలాడినంత మెల్లగా కింది చిప్పుకు చెబుతుంది. అది కాళ్ళను కదిలిస్తుంది. అంత బలహీనమైన తరంగానికి లైసెన్సు అక్కర్లేదు కాబట్టి ఏ రికార్డులోనూ అది ఎక్కలేదు. ఏ సందడీ లేని బ్యాండ్ అయితే మంచిదని వైద్యులు దీన్ని ఎంచుకున్నారు. అన్ని దేశాలూ ఖాళీ అని రాసిచ్చిన చోట ఒక ఊరి జనం నడుస్తున్నారు.

స్వర్ణ విమానమెక్కి వెళ్ళింది. గాలి కదలని ఒక మధ్యాహ్నం దిల్హానీ ఆమెను ఒక బడికి తీసుకెళ్ళింది. అక్కడ లెక్కలు చెప్పే టీచరు తవమలర్. బస్సు ప్రమాదంలో నడుము విరిగి చాలాకాలం చక్రాల కుర్చీలో గడిపిన మనిషి. ఇప్పుడు వరండా చివరిదాకా నడిచి వచ్చి వాళ్ళను పలకరించింది. నడకలో చిన్న ఊగు తప్ప ఏమీ తెలియడం లేదు.

"మీ ఊరికి ఫోన్ చేసి మీ యంత్రం వేయించండి," అంది.

"వద్దండీ. దిల్హానీ గారు కొలతలు చూపించారు. నమ్ముతున్నాను."

"కొలతల్ని నమ్మితే చాలదు. నన్ను చూడండి. ఫోన్ చేయండి."

ఆ గొంతులో పిల్లల్ని బోర్డు దగ్గరికి పిలిచే పట్టుదల ఉంది. స్వర్ణ బందరుకు ఫోన్ చేసి "వేయండి" అంది.

తవమలర్ అలాగే నిలబడి ఉంది. ఒక్కసారిగా ఆమె కాళ్ళు ఆమెవి కాకుండా పోయాయి. తాడు తెగిన బిందెలా నిట్టనిలువునా కూలింది. స్వర్ణ ముందుకు దూకి పట్టుకోబోయి తనూ కింద పడింది. ఫోన్‌లో "ఆపండి! ఆపండి!" అని అరిచింది. మోచేయి చీరుకుపోయిన సంగతి ఆమెకు తెలియనే లేదు.

కాసేపటికి తవమలర్ కాళ్ళలోకి కదలిక వచ్చింది. గోడకు ఆనుకుని కూర్చుంది.

"మొదటిసారి పడ్డప్పుడు నా చేతిలో మా చెల్లెలి బిడ్డ ఉంది," అంది. "నేను కింద, బిడ్డ నా మీద పడ్డాం. అటుది ఇటయితే ఏమయ్యేది? వైద్యుల్ని తిట్టాను. చిప్పుల్ని తిట్టాను. ఎక్కడో బందరులో ఒకావిడ ఉందని నాకేం తెలుసు?"

స్వర్ణకు తల ఎత్తబుద్ధి కాలేదు.

"ఇంతకీ ఎందుకు చేశారు దీన్ని?"

స్వర్ణ చెప్పింది. తండ్రి సంగతి చెప్పింది. ఒడ్డున రేడియో మొత్తుకోవడం, ఆ మాట పడవకు అందకపోవడం చెప్పింది. ఇప్పుడు తమ్ముడు అదే సముద్రం మీదికి వెళుతున్నాడని చెప్పింది. తవమలర్ తల తిప్పి గోడ వైపు చూసింది. వాళ్ళ బడి గోడకు అవతల సముద్రమే ఉంది.

"అక్కా," అంది చివరికి. తమిళంలోనూ తెలుగులోనూ ఆ పిలుపు ఒకటే. "మీ తరంగం చెప్పకుండా వస్తే పడతాం. చెప్పి వస్తే కూర్చుంటాం కదా. అది మీకెవరికీ తట్టలేదా?"

*

వేలం ఆపమని స్వర్ణ అడిగినప్పుడు చక్రపాణి కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"వాళ్ళ చిప్పులు మార్చలేరా?"

"మళ్ళీ వెన్ను కోయాలండీ. కొందరి ఒళ్ళు తట్టుకోదు. తట్టుకునేవాళ్ళకైనా ఏళ్ళు పడుతుంది."

"నీ బ్యాండ్ మార్చుకో."

"ఆ పొరలో ఇమిడేది ఇదొక్కటే."

"ఎన్ని దేశాల్ని బతిమాలి కూర్చోబెట్టానో నీకు తెలుసా?"

"తెలుసండీ."

ఆయన కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. తిరిగి వచ్చి ఫోనందుకుని దిల్హానీతో మాట్లాడాడు. ఆ వారంలోనే రెండు దేశాల తరఫునా ఒకే ఉత్తర్వు వచ్చింది. వేలం వాయిదా. పొర ఏర్పడిన రోజున గాలం మోగరాదు. పొర లేని రోజున గాలం మోగి లాభం లేదు. అంటే గాలం మూతపడింది.

స్వర్ణ ఆ కబురు తమ్ముడి ఇంట్లో చెప్పింది. నాంచారయ్య అన్నం తింటూ విన్నాడు.

"ఆపెయ్యక్కా. అక్కడ ఎవరో కూలిపోతంటే ఇక్కడ నీతో నేనేం కబుర్లు చెప్పను?"

అతని భార్య మంగతాయారు కూర వడ్డిస్తున్న గరిటె ఆపింది.

"వాళ్ళు పడితే లేస్తారు వదినా. మనోళ్ళు పడితే లేస్తారా?"

"నోర్మూసుకోవే," అన్నాడు నాంచారయ్య. అన్నం సగంలోనే వదిలి చెయ్యి కడుక్కున్నాడు. అతను పడవలోంచి సెట్టు మాత్రం తీయలేదు. రేవులో ఇంకెవరూ తీయలేదు. ఏదో ఒకనాటికి మళ్ళీ మోగుతుందని వాళ్ళ నమ్మకం.

*

ఆ ఏడు కార్తీకం వచ్చినా ఉక్కపోత తగ్గలేదు. నాంచారయ్య వాళ్ళు వేటకు వెళ్ళి చాలా దూరం పోయారు. తూర్పున పుట్టిన వాయుగుండం బర్మా వైపు పోతుందని వాతావరణ శాఖవాళ్ళు అన్నారు. ఒక ఉదయం తెల్లారేసరికి అది తుఫానుగా మారి పడమటికి తిరిగింది.

స్వర్ణ ప్రయోగశాలకు చేరేటప్పటికే మంగతాయారు గేటు దగ్గర ఉంది. ఆమె వెనక రేవులోని ఆడవాళ్ళు ఉన్నారు. ఎవరూ ఏడవడం లేదు. అది ఇంకా భయంగా ఉంది.

"వదినా, మామూలు రేడియోకి అందటంలా. నీ యంత్రం ఎయ్యి."

స్వర్ణ మేడెక్కింది. మీటర్లు చూసింది. తుఫానుకు ముందుండే నిశ్శబ్దంలో సముద్రం మీద పొర మందంగా పరుచుకుని ఉంది. ఇంత మంచి పొరను ఆమె ఎన్నడూ చూడలేదు. గాలి లేచిందంటే చినిగిపోతుంది. పిలవాలంటే ఆలోపే పిలవాలి. మీట నొక్కితే మాట వెళుతుంది. నొక్కితే త్రికోణమలైలో బడికి పోతున్న టీచరు, రోడ్డు దాటుతున్న ముసలాయన, మెట్లు దిగుతున్న తల్లి కూలిపోతారు.

ఆమె దిల్హానీకి ఫోన్ చేసింది.

"నా అంతట నేను వేయను. మీ వాళ్ళు చెబితేనే వేస్తాను. వద్దంటే మానేస్తాను. ఒక్కసారి అడగండి."

"ఉత్తర్వు సంగతి?"

"చక్రపాణి గారికి చెప్పాను. శ్రీలంక సరేనంటే తనూ సరేనన్నారు."

"శ్రీలంక అంటే ఇవాళ మా ఆఫీసు కాదు," అంది దిల్హానీ. "తవమలర్‌కు చేస్తున్నాను."

తర్వాత జరిగింది స్వర్ణ కంటితో చూడలేదు. ఆ తర్వాత చాలామంది చెప్పగా విన్నది. తవమలర్ బడి గంట కొట్టించింది. చిప్పులున్నవాళ్ళ ఫోన్లన్నిటికీ కబురు పంపింది. కోవెల మైకులో చెప్పారు, మసీదు మైకులో చెప్పారు, చర్చి గంట మోగించారు. బంగాళాఖాతంలో పడవలున్నాయి, వాళ్ళను పిలవాలి, మన వాళ్ళందరూ ఎక్కడివాళ్ళు అక్కడ కూర్చోండి. చేపల బజారులో బేరం చేస్తున్నావిడ బుట్ట పక్కనే చతికిలబడింది. బస్టాండులో ఒక కుర్రవాడు సామాను మీద కూర్చున్నాడు. పొయ్యి మీద ఎసరు దించి ఒక తల్లి గడప మీద కూర్చుంది. కాళ్ళున్న ఇరుగుపొరుగులు వాళ్ళ పక్కన వచ్చి నిలబడ్డారు. అంతకుముందు నేల మీద పాకినవాళ్ళు, పట్టుకుని నడిపిస్తే నడిచినవాళ్ళు, ఏళ్ళ తర్వాత నిలబడగలిగినవాళ్ళు, ముక్కూ మొహం తెలియని జాలర్ల కోసం కూర్చున్నారు.

స్వర్ణ ఫోన్ మోగింది. తవమలర్ గొంతు.

"కూర్చున్నాం. పిలవండి అక్కా."

స్వర్ణ మీట నొక్కింది.

"బందరు నుంచి స్వర్ణను మాట్లాడుతున్నాను. సముద్రం మీదున్న పడవలన్నిటికీ చెబుతున్నాను. తుఫాను పడమటికి తిరిగింది. వలలు కోసేసి వచ్చేయండి. నాంచారయ్యా, వినపడుతోందా? నాంచారయ్యా!"

గరగర. మళ్ళీ పిలిచింది. మళ్ళీ గరగర. మంగతాయారు మెట్ల మీద నిలబడి కొంగు నోట్లో కుక్కుకుంది. చాలాసేపటికి ఎవరిదో వేరే పడవ పలికింది. తర్వాత ఇంకొకటి. ఒకరి నుంచి ఒకరికి మాట పాకింది. ఎండ నెత్తి మీదికి వచ్చిన తర్వాత గానీ ఆ గొంతు రాలేదు.

"అక్కా, సెట్టు సంచిలో ఉండిపోయింది. ఇప్పుడే ఇన్నాం. ఎటు పోమంటావు?"

"ఉత్తరానికి రావద్దు. దాని దారి అదే. నైరుతికి తిప్పు. కృష్ణపట్నం పట్టు."

గేటు దగ్గరున్న ఆడవాళ్ళకు చెప్పడానికి మంగతాయారు మెట్లు దిగింది.

పిలిచినంతలో పని కాలేదు. తుఫాను దారి మార్చుకుంటున్న కొద్దీ పడవలకు దారి చెబుతూ ఉండాలి. ఒక గంట అనుకున్నది పగలంతా సాగింది. మధ్యమధ్య స్వర్ణ ఫోన్‌లో అడుగుతూనే ఉంది. "ఇంకొంచెంసేపు ఉండగలరా?" ప్రతిసారీ తవమలర్ ఊళ్ళో కనుక్కుని ఒకటే మాట చెప్పేది. "ఉన్నాం. మీ పని కానివ్వండి." సాయంత్రానికి గాలి లేచి పొర చెదిరింది. అప్పటికి పడవలు ఒడ్డు రేడియోలకు అందేంత దగ్గరికి వచ్చేశాయి. స్వర్ణ మీట కట్టేసి, "లేవండమ్మా, లేవండి. అందరూ బతికారు," అంది. ఆ మాట అంటుంటే ఏడుపు ఆగలేదు.

అవతల ఉత్సాహం వినిపించలేదు. తవమలర్ అంది.

"మంచిదక్కా. మా దగ్గర ఒకరు పడ్డారు."

కందసామి అనే దర్జీ. కబురు వచ్చేసరికి దుకాణం ముందున్న ఎత్తు అరుగు మీద ఉన్నాడు. అక్కడే కూర్చున్నాడు. మధ్యాహ్నానికి ఎండ మీద పడింది. పక్కనున్న మనిషి మంచినీళ్ళకని లోపలికి పోయాడు. ఎవర్నీ పిలవడం ఎందుకని కందసామి చేతుల మీద నీడకు జరగబోయి జారాడు. వెన్నులో కింది చిప్పు పగిలింది. దాన్ని మళ్ళీ అమర్చడానికి ఆయన వయసు ఒప్పుకోదన్నారు వైద్యులు.

*

కొన్ని నెలలకు కొలంబోలో ఉమ్మడి వేలం జరిగింది. ఒక హాలులో తీరదేశాల ప్రతినిధులందరూ ఒక వైపు కూర్చున్నారు, కంపెనీల వాళ్ళు ఎదురుగా. లైసెన్సులో చక్రపాణీ దిల్హానీ కలిసి చేర్చిన నియమం ఒకటి ఉంది. పొర ఉన్న రోజున లైసెన్సుదారు బ్యాండ్‌ను వాడాలంటే ముందు త్రికోణమలైలో చిప్పులతో నడిచేవాళ్ళు పెట్టుకున్న సంఘాన్ని అడగాలి. వాళ్ళు 'కూర్చున్నాం' అన్న తర్వాతే వాడాలి. తుఫాను హెచ్చరికకు అడగవచ్చు. ఓడల వ్యాపారం కోసం అడగరాదు.

ఒక కంపెనీ మనిషి లేచాడు.

"సార్, మేం సొమ్ము కట్టి కొన్నది వాడుకోవడానికి పరాయి ఊరివాళ్ళను బతిమాలాలా? వాళ్ళు కూర్చోం అంటే?"

"నిలబడి ఉంటారు," అన్నాడు చక్రపాణి. "మీరు ఆగుతారు."

కొందరు నవ్వారు. కొందరు కాగితాలు సర్దుకుని వెళ్ళిపోయారు. బయటికి పోయేవాళ్ళను స్వర్ణ లెక్కపెడుతోంది. ఎవరూ కొనకపోతే టవర్లు లేవు, సెట్లు లేవు, పిలుపూ లేదు. చక్రపాణి మొహంలో ఏమీ తెలియనివ్వకుండా కూర్చున్నాడు. చివరికి ఇద్దరు మిగిలారు. పొర లేని రోజుల్లో ఇదే బ్యాండ్ రేవుల్లోనూ ఒడ్డునా మామూలుగా పనికొస్తుందని లెక్క వేసుకున్నవాళ్ళు. వాళ్ళ మధ్య పాట కాసేపు నడిచి ఒకరి దగ్గర ఆగింది. దేశాలు ఆశించినంత రాలేదు. వచ్చినదాంట్లో మొదటి వాటాను, ఒళ్ళు తట్టుకునేవాళ్ళకు వేరే బ్యాండ్‌లో కొత్త చిప్పులు అమర్చడానికి తీసిపెట్టాలని ముందే ఒప్పుకున్నారు. అందరూ సంతకాలు పెట్టారు.

బయటికి వస్తూ చక్రపాణి అన్నాడు.

"నా నౌకరీలో ఇంత తక్కువకు పోయిన వేలం ఇంకోటి లేదమ్మా. ఢిల్లీలో నన్ను దులిపేస్తారు."

"మీకెలా కృతజ్ఞత చెప్పాలో తెలియడం లేదండీ."

"నాకెందుకు? ఆ రోజు ఫోన్‌లో నేను సరేనన్నాను, అంతే. కుర్చీలో కూర్చునే అన్నాను. నాకేం కష్టమయింది?" ఆయన కళ్ళజోడు తుడుచుకున్నాడు. "వాళ్ళ దగ్గరికి వెళ్ళు."

*

స్వర్ణ ఒక్కతే వెళ్ళలేదు. నాంచారయ్య, మంగతాయారు కూడా వచ్చారు. మంగతాయారు ఇంటి నుంచి ఎండురొయ్యల పొడి, కొత్త పంచె, పూతరేకులు తెచ్చింది. దారి పొడవునా ఆ సంచిని ఒళ్ళోంచి దించలేదు. నాంచారయ్య బస్సులో తనలో తను ఏదో గొణుక్కుంటూ వచ్చాడు. ఏమిట్రా అంటే, ఆయనతో ఏమనాలో కూడబలుక్కుంటున్నానన్నాడు.

తవమలర్ వాళ్ళను కందసామి దుకాణానికి తీసుకెళ్ళింది. ఆయన చక్రాల కుర్చీలో మిషను ముందు కూర్చుని బడిపిల్ల గౌను కుడుతున్నాడు. కాళ్ళతో తొక్కే మిషనుకు ఇప్పుడు చేత్తో తిప్పే చక్రం బిగించారు. ఒక చేత్తో తిప్పుతూ ఒక చేత్తో గుడ్డ జరుపుతున్నాడు. కుట్టు కొంచెం వంకరగా పోతోంది. మనుషుల అలికిడికి తలెత్తాడు.

"వీళ్ళే," అంది తవమలర్ తమిళంలో. "ఆ పడవ సరంగు ఇతనే."

కందసామి నాంచారయ్యను కింది నుంచి పైదాకా చూశాడు. ఏదో అడిగాడు. తవమలర్ ఇంగ్లీషులో చెబితే స్వర్ణ తెలుగులో చెప్పింది.

"ఆ రోజు పడవలో ఎవరెవరున్నారు అంటున్నారు."

నాంచారయ్య ఒక్కొక్కరి పేరూ చెప్పాడు. ఎవరి కూతురికి పెళ్ళయిందో, ఎవరికి మనవడు పుట్టాడో, ఎవడు ఆ దెబ్బతో వేట మానేసి సోడాబండి పెట్టుకున్నాడో చెప్పాడు. కందసామి అన్నీ విన్నాడు. సోడాబండి దగ్గర నవ్వాడు.

కూడబలుక్కొచ్చిన మాటలు చెప్పాల్సిన సమయం వచ్చింది. నాంచారయ్య నోరు తెరిచాడు. ఏమీ రాలేదు. అతను వంగి, ముసలాయన కాళ్ళ దగ్గర కూర్చుని, రెండు చేతులతో ఆ పాదాలు పట్టుకుని కళ్ళకద్దుకున్నాడు.

కందసామి మెల్లగా ఏదో అన్నాడు. తవమలర్ ఇంగ్లీషులో చెప్పింది. స్వర్ణ అది తెలుగులోకి మార్చింది.

"వాటికి తెలియదు నాయనా అంటున్నారు. చెయ్యి పట్టుకుంటే తెలుస్తుందట."

నాంచారయ్య లేచి, చక్రం మీదున్న ఆ చెయ్యి పట్టుకున్నాడు. సూది పోట్ల కాయలతో గరుకుగా ఉందది. మంగతాయారు సంచి కింద పెట్టి, రెండో చెయ్యి పట్టుకుంది.